ఓడిపోయే రాజు వేషం

పోయిన వారం కండ్ల దవాఖాన పని మీద కరీంనగర్ పోయిన. మన ఈడోళ్లకు దవాఖాన బెంచీలే ఇప్పుడు ముచ్చట్ల జాగాలైనయ్, మీకు నేను చెప్పేదేమున్నది, చీటీ రాయించుకొని పేరు పిలిచేదాక కూసుండాలె, కూసున్నంత సేపు పక్కోని రోగం మనం వినాలె, మన రోగం పక్కోనికి చెప్పాలె. గని ఆ రోజు నా పక్కకు కూసున్న మనిషి చెప్పేటోడు కాదు, వినేటోడు కాదు. నడీడు మనిషి, ఇస్త్రీ అంగీ, చేతిల ఫోను. ఫోనుల పచ్చటి బల్ల, బల్ల చుట్టు గుండ్రటి బిళ్లలు, బిళ్లల కింద పేర్లు, నడుమ పేక ముక్కలు. ఆయన మొఖం చూస్తె రాయి. రెప్ప గూడ కొడ్తలేడు, బొటనవేలొక్కటే కదులుతున్నది. నర్సమ్మ పేరు పెట్టి పిలిచినా వినబడలే. నా పేరు పిలిస్తె పిలవనీ అని లేచి పోయి బయట మెట్ల మీద కూసున్న.

మా బావ యాదికొచ్చిండు. యాదికొచ్చుడంటె పోయినోళ్లు యాదికొచ్చినట్టు కాదు. ఆయన బోథ్ దిక్కు ఆయన ఊళ్లె, ఆయన ఇంట్లనే ఉన్నడు, పిలిస్తె వచ్చి ఇంత తింటుండు. అయినా ఆ మనిషి మళ్ల మాకు దక్కుతడా, దక్కడా అన్న ఫికరు నేను, మా అక్క ఇన్నేండ్ల నుంచి మోస్తున్నం. బతికున్న మనిషి గురించి ఇట్ల జ్ఞాపకాలు రాయవలసి వచ్చిందంటెనే మీకు సగం సంగతి సమజై ఉంటది.

మా బావంటె మా అక్క పెనిమిటి. నాకు మీసాలు రాకముందు నుంచే ఆయన మా మేళంల రాజు. మాది భాగోతం ఆడే ఊరు. పత్తి ఏరుడు ఒడిసి చేన్లు ఖాళీ అయినంక, ఎండలు ముదిరేదాక ఊరూరు తిరిగి ఆడేటోళ్లం. కులం పని కాదు, బతుకుదెరువు కాదు, ఉత్త పిచ్చి. మా రాజులు, మంత్రులు, రాక్షసులు అందరు ఎవుసం చేసుకునేటోళ్లే. నాకు బెల్లంపల్లి బొగ్గుబాయిల, లోపలికి దిగేటోళ్లకు నెత్తి దీపాలిచ్చే లాంపు రూముల నౌకరి దొరికినంక గూడ, ఆట ఉన్నదని కబురొస్తె చాలు, డ్యూటీకి నాగా పెట్టి బస్సెక్కేటోణ్ని, తిరిగి పోయినంక సార్లతోని తిట్లు తినేటోణ్ని. నాది ఆడవేషం. సన్నగ ఉంటినని, గొంతు సన్నదని, చిన్నప్పుడే చీర కట్టించి రాణిని చేసి నిలబెట్టిండ్రు, ఇగ నెత్తి నెరిసేదాక ఆ చీర ఇడువలే. అంటె ఇంట్ల ఆయనకు మా అక్క పెండ్లాం, ఆట మీద నేను పెండ్లాన్ని. మా అక్క నోరు ఊకుంటదా? నేను గడప తొక్కంగనె, వచ్చిందమ్మా నా సవతి అని నవ్వేది, నీ మొగడు పొద్దుగూకినా ఇంటికి రాలేదే, కొంగుకు కట్టుకొని తిరుగుతున్నవా ఏంది అని వాడకట్టంత వినబడేటట్టు అడిగేది. నేను సిగ్గుపడ్డట్టు వేషం పెడితె ఇంక నవ్వేది.

మా కిరీటాలు, భుజకీర్తులు పొనికి కర్రవి. నిర్మల్ల బొమ్మలు చేసే కర్రనే, ఎత్తితె చేతికి బరువే తెల్వదు. దాని మీద రంగు కాగితం, అద్దం బిళ్లలు అతికిస్తె దీపం వెలుతురుకు బంగారమే. ఆ పెట్టెను బస్సు మీదికి ఎక్కియ్యాలంటె కండక్టర్లతోని పెద్ద పంచాయితి. లోపల ఏమున్నదంటె రాజ్యం ఉన్నదని బావ గంభీరంగ చెప్పేటోడు, కండక్టరు నవ్వి టికెటు కొట్టకుండ ఇడిసేటోడు. మొఖానికి అర్దళం అనే పచ్చటి రంగు పూసుకొని, అది ఆరేదాక బావ ఎవలతోని మాట్లాడకపోయేది. అట్ల కూసున్నప్పుడు చూస్తె, పొద్దున పత్తి మూటలు మోసిన మనిషి ఈయనేనా అని నాకే అనుమానం వచ్చేది. ఆఖరుకు ఇద్దరు మనుషులు తెర గుడ్డ పట్టుకుంటె దాని వెనుక నిలబడి, ఆ గుడ్డకున్న చిన్న బొక్కల నుంచి జనాన్ని చూసేటోడు. ముసలోళ్లు ముందుకొచ్చి కూసున్నరా, ఆడోళ్లు పిల్లలను పండబెట్టుకొని నిమ్మలంగున్నరా, తాగొచ్చినోళ్లు ఏ మూలకున్నరు, అన్ని చూసుకొని, ఇయ్యాల పద్యం సాగదీస్త, ఇయ్యాల కత్తి జల్ది తీస్త అని నా చెవుల చెప్పేటోడు. ఆయన లెక్క తప్పంగ నేను చూడలే.

మా ఆటలన్నిట్ల ఆయనది ఓడిపోయే రాజు వేషమే. గెలిచే రాజును ఎవలైనా కట్టొచ్చు, గొంతు లేకున్నా నడుస్తది, ఓడేటోనికే విద్య గావాలె అనేటోడు మా హార్మోని పంతులు. బావ యుద్ధంల ఓడి, బాణం దిగి, మోకాళ్ల మీద కూలి, ఆఖరు పద్యం పాడి పానం ఇడుస్తడు. ఇడువంగనె రాణిని నేను ఉరికొచ్చి మీద పడి ఏడ్వాలె. మా ఆటకు అదే ఆయువుపట్టు. పద్యం నచ్చితె జనం వన్స్ మోర్ అని అరుస్తరు. అరిస్తె చచ్చిన రాజు లేస్తడు, దుమ్ము దులుపుకుంటడు, జనానికి దండం పెడ్తడు, మళ్ల పద్యమెత్తుకొని మళ్ల చస్తడు. పట్నపోళ్లు చూస్తె నవ్వుతరేమో గని మా దిక్కు అది మర్యాద, లేవకుంటె జనానికి కోపమొస్తది. వాళ్లు అరవాలంటె జర టైం గావాలె గద, ఆ టైమే నా ఏడుపు. జనం ఊపు చూసి నా ఏడుపును నేను పొడుగు చేసుకునేది, పొట్టి చేసుకునేది. మా అక్క మాత్రం ఆ ఘట్టం ఎన్నడు చూడలే. రాజు కూలే టైముకు లేచి ఇంటికి పోయేది, ఆయన మొఖం కడుక్కొని ఇంటికొచ్చినంకనే ఇన్ని నీళ్లు తాగేది.

ఒకసారి పెన్‌గంగ దాటి, చంద్రాపూర్ దిక్కు మన తెలుగోళ్లున్న బొగ్గుబాయి కాలనీల ఆడినం. ఊరిడిసి పోయినోళ్లు గద, మన పద్యం వినక ఎన్నేండ్లయిందో ఏమో, బావను లేపిండ్రు సంపిండ్రు, లేపిండ్రు సంపిండ్రు, ఆయన గొంతు బొంగురు పోయేదాక ఇడువలే. ఏడ్చి ఏడ్చి నాకు గూడ ఎక్కిళ్లొచ్చినయ్. తిరిగి బస్సుల వస్తుంటె బావ మొఖం చూడాలె, పెండ్లి పిలగాని మొఖం. ఓడిపోవుట్ల ఉన్న సుఖం దేంట్ల లేదు బామ్మర్దీ అన్నడు. నేను నవ్విన. అప్పుడు అది నవ్వుకునే మాటనే.

తర్వాత ఏమైందో మీకందరికి ఎరుకే. టీవీలొచ్చినయ్, జాతరలల్ల ఆర్కెస్ట్రాలొచ్చినయ్, వాటి మీద డీజేలొచ్చినయ్. హార్మోని పంతులు పోయిండు, ఆయనతోనే సగం ఆటలు పోయినయ్, ఎందుకంటె అవి ఆయన నోట్లెనే ఉండె. కిరీటాల పెట్టె మా అక్క ఇంట్ల అటుక మీదికెక్కింది. నాకు నౌకరి ఉండె, దీపాలిచ్చుడు, దీపాలు తీసుకునుడు, దినాలు గడిచినయ్, నౌకరి ఒడిసినంక పెద్దపల్లికొచ్చి ఇంత ఇల్లు కట్టుకున్న. బావకు మాత్రం చేనుకు పోవుడు, వచ్చుడు తప్ప ఏం మిగల్లే. ఎవలన్న ఇంటికొస్తె అరుగు మీద కూసుండి వాళ్ల మొఖాలే చూసేటోడు, ఏమన్న అడుగుతరేమో అన్నట్టు. వాళ్లు ఎరువుల ధర మాట్లాడేటోళ్లు, ఎండల ముచ్చట చెప్పేటోళ్లు, చాయ్ తాగి పోయేటోళ్లు. నిలబడ్డ చోటనే మనిషి ఎట్ల ఎండిపోతడో నేను ఆయన్ను చూసే తెలుసుకున్న.

దుబాయిల పని చేసే వాళ్ల పెద్దకొడుకు, మనుమని మొఖం చూసుకో బాపూ అని ఫోను పంపిండు. ఆ ఫోనులకెళ్లే వచ్చిందీ దయ్యం. పోకర్ అంట. నేను రమ్మీ ఎరుగుదును గని ఇది ఎరుగ, బావనే విప్పి చెప్పిండు. ఒక్కొక్కనికి రెండు ముక్కలిస్తరట, అవి ఎవలకు చూపొద్దట, తతిమ్మ ముక్కలు నడుమ అందరికి కనబడేటట్టు పరుస్తరట, ఇగ వంతుల వారీగ పందెం పెంచుకుంట పోవాలె, ఎదుటోడు జడిసి ముక్కలు కింద పడేస్తె నీ చేతిల ఏం లేకున్నా నువ్వే గెలిచినట్టట. చెప్పుకుంట చెప్పుకుంట ఆయన నడుము నిటారైంది, ఎన్నేండ్లకో కండ్లు మెరిసినయ్. చేతిల ఏం లేకున్నా రాజు లెక్క కూసోవాలె, మనం చేసింది అదే గద బామ్మర్దీ అన్నడు. నిజమే గద మరి, ఇంట్ల దీపానికి నూనె లేనోళ్లం గూడ కర్ర కిరీటం పెట్టుకొని బంగారం దానం చేసినోళ్లమే మేమందరం.

మరి మొఖాలు కనబడవు గద, ఎదుటోని సంగతి ఎట్ల తెలుస్తది అని అడిగిన. తెర బొక్కల నుంచి చూసినట్టే అన్నడు. ఒక్కొక్కని పేరు చుట్టు ఒక గీత తరుక్కుంట పోతదట, వానికిచ్చిన గడువు అది. ఆ గీత ఎంత తరిగినంక పందెం పెట్టిండు, బెదిరినోడు ఎట్ల తొందరపడ్డడు, మంచి ముక్కలున్నోడు కావాలని ఎట్ల నాన్చుతుండు, అన్ని పసిగట్టొచ్చట. జనం ఊపిరి వినబడ్తున్నది బామ్మర్దీ అన్నడు, నాకు భయమైంది. అందరికి గుండ్రటి బిళ్లల ఏదో ఒక బొమ్మ ఉన్నది, పులులు, సింహాలు, మోటర్ సైకిళ్లు. మా బావ బిళ్లల మాత్రం కిరీటం, భుజకీర్తులు, కోరమీసం. ఆ ఫోటో నాకు ఎరుకే, ఆదిలాబాద్ల ఒక స్టూడియోకు పోయి రాజు, రాణి ఇద్దరం నిలబడి తీయించుకున్నది. బిళ్లల పట్టలేదని నన్ను కోసేసిండు, నా చెయ్యొక్కటి గాజులతోని ఆయన భుజం మీద మిగిలింది. ఏందయ్యా బావా, ఇన్నేండ్ల పెండ్లాన్ని ఇడిసిపెడితివి అని నవ్వులాటకు అన్న గని లోపల చురుక్కుమన్నది.

మన రాష్ట్రంల పైసలతోని ఈ ఆట బంద్. నువ్వు ఎక్కడున్నవో ఫోనుకే తెలుస్తదట, ఇక్కడ తెరువబోతె తెరుచుకోదు, పెన్‌గంగ వంతెన దాటితె తెరుచుకుంటది. ఇగ చూడుండ్రి, మా బావ పొద్దున్నే తెల్ల దోతి కట్టుకొని, తల దువ్వుకొని, అద్దంల మొఖం రెండు దిక్కుల చూసుకొని, బస్సులు మారుకుంట నది దాటుడు మొదలుపెట్టిండు. ఎక్కడికి పోతుండో చూద్దామని ఒకసారి నేను గూడ వెంట పోయిన. వంతెన దిగినంక ఒక చాయ్ హోటలు. బెంచీల నిండ మనోళ్లే, ఆదిలాబాద్ నుంచి వచ్చినోళ్లు, నిర్మల్ నుంచి వచ్చినోళ్లు, అందరి చేతులల్ల ఫోన్లు, ఒక్కడు పక్కోనితోని మాట్లాడడు. వేషాలు కట్టుకొని ఆట మొదలుగాక కూసున్న మేళం లెక్క ఉన్నరు. హోటలాయన మరాఠీల చాయ్ పాహిజే కా అని అడుగుకుంట తిరుగుతుండు, వాళ్లు తలెత్తకుండనే చేతులూపుతుండ్రు. ఇదే నదిని మేము కిరీటాల పెట్టె పట్టుకొని దాటినోళ్లం, అప్పుడు అవతల జనం ఎదురొచ్చి పెట్టె అందుకునేటోళ్లు.

బావ గోడకు ఆనుకొని కూసుండి ఆట తెరిసిండు. జర సేపు గెలిచిండు గూడ, గెలిచినప్పుడు ఆయన మొఖంల ఏమంత సంబురం కనబడలే. తర్వాత ఏదో పెద్ద పందెంల ఉన్నయన్ని నడుమకు తోసిండు, పోయినయ్. పోంగనె తల పైకెత్తి, కండ్లు మూసుకొని, అట్లనే ఆగిండు. ఓడంగనె ఆ ఫోను అడుగుతది, మళ్ల కూసుంటవా అని. బావ కండ్లు తెరిసి ఆ మాట చదువుకొని, మీట నొక్కిండు. అప్పుడు ఆయన మొఖం చూసిన. అది ఓడినోని మొఖం కాదు, చంద్రాపూర్ దిక్కు నుంచి బస్సుల వచ్చినప్పటి మొఖం. తతిమ్మోళ్లు గెలువాలని ఆడుతుండ్రు, ఓడితె తిట్టుకుంటుండ్రు, ఎన్నడో ఒకనాడు బుద్ధొచ్చి లేచిపోతరు. మా బావ ఓడేటందుకు ఆడుతుండు, ఓడినంక లేపేటోడున్నడని ఆడుతుండు. జన్మంత ఓడిన కాడనే చప్పట్లు వినుకుంట వచ్చిన మనిషి గద, ఈ పొరపాటు మా అసుంటోళ్లే చేస్తరు, వేరెటోళ్లు చెయ్యరు.

చెల్క పోయింది, ఉన్న ఇంత మెట్ట భూమి ఆ ఆటలనే పోయింది. దాని లెక్కలు నేను చెప్ప, చెప్పినా ఎవలకు లాభం లేదు. మా అక్క గూడ చెల్క కోసం ఏడ్వలే. మనిషున్నడు గని మాట లేదు తమ్మీ అని ఏడ్చింది. ముందట కూసుండి తింటడట, కూరల ఉప్పు తక్కువైనా తిట్టడట, ఏమన్న అడిగితె వస్తున్న అంటడట, రాడట. నా సవతివి ఇప్పుడు నువ్వు కాదు, అది అని ఫోను దిక్కు చెయ్యి చూపెట్టింది. నవ్విద్దామనే అన్నది పాపం, ఇద్దరికి నవ్వు రాలే.

అసుంటి టైంల నాకొక ఆశ పుట్టింది. పెద్దపల్లికి దగ్గర్ల ఒక ఊరి యువకులు, జాతరకు పాత ఆటొకటి ఆడిపిస్తమని వెతుక్కుంట నా దగ్గరికొచ్చిండ్రు. బావను మళ్ల ఒక్కసారి నిజమైన జనం ముందట నిలబెడితె, నిజమైన గొంతులు వన్స్ మోర్ అంటె, ఇగ ఆ ఫోను ఎందుకు ముట్టుకుంటడు అనుకున్న. మొదలు రాను అన్నడు, ఊపిరి చాలదన్నడు, పండ్లు పోయినయ్ పద్యం గాలికి పోతదన్నడు. జనం అడుగుతుండ్రు బావా అన్న. ఆ ఒక్క మాటకు మెత్తబడ్డడు. ఇగ ఆట దినం వచ్చేదాక నది దాటలే. పొద్దున లేచి వాగు గడ్డకు పోయి గొంతు సాధకం చేస్తుండని మా అక్క సంబురంగ చెప్పింది, ఇంటికొచ్చినంక పాడుతుంటె ఫోను చాపి పట్టుకొని నాకు వినిపించేది. ఇయ్యాల పప్పుల కారం ఎక్కువైందని కసిరిండు తమ్మీ అని ఒకనాడు ఏడ్చుకుంట, నవ్వుకుంట చెప్పింది. నేను పెద్దపల్లిల నా చీరలు తీసి ఎండకేసిన. ముసలి రాణిని చూసి మా ఇంట్ల అందరు పడి పడి నవ్విండ్రు, నవ్వనీ అనుకున్న.

ఆట పొద్దుగూకంగ మొదలుపెట్టి రెండు గంటల్ల ఒడగొట్టాలె అన్నరు, ఆట అయినంక డీజే ఉన్నదట. తెల్లారేదాక నడిచే కథను గంతల్నే కుదించుకున్నం, పోనీ, ఆఖరు పద్యం ఉంటె చాలు అనుకున్నం. తెర పట్టుకోంగనె బావ బొక్కల నుంచి చూసిండు. చాన సేపు చూసిండు. ఎట్లున్నరు అని అడిగిన. మొఖాలు కనబడ్తలెవ్వు బామ్మర్దీ అన్నడు. నేను ఒంగి చూస్తె నిజమే, అందరు ఫోన్లెత్తి పట్టుకొని మమ్మల్ని తీసుకుంటున్నరు, ఆ వెలుతురు వెనుక ఒక్క మొఖం ఆనలే.

అయినా పాడిండు. గొంతు పాతది కాదు గని విద్య యాడికి పోతది? నేను ఆ పద్యం ఎన్ని ఊర్లల్ల విన్ననో, ఆ రోజు పాడినట్టు ఎన్నడు పాడలే. కూలిండు. నేను ఉరికొచ్చి మీద పడి ఏడ్పు ఎత్తుకున్న. జనం చెడ్డోళ్లేం కాదు, చప్పట్లు కొట్టిండ్రు, మంచిగనే కొట్టిండ్రు. గని అరవాలన్న సంగతి వాళ్లకు తెల్వదు, ఎవలు చెప్పిండ్రు గనుక? అందరు ఫోన్లల్ల తీసుకున్నరాయె, మళ్ల వినాలంటె ఇంటికి పోయి వింటరు, చచ్చినోణ్ని లేపే పనేమున్నది వాళ్లకు? నేను ఏడుస్తున్న, సాగదీస్తున్న, ఒక పక్క నుంచి ఆట పెట్టిచ్చినాయన ఇగ చాలు లేవుండ్రి అని చెయ్యి ఊపుతుండు. బావ కండ్లు తెరువకుండ, పెదవులు కదుపకుండ, జర ఏడ్వు బామ్మర్దీ, ఇంక జర, వస్తది అన్నడు. ఏడ్చిన. ఇగ అది రాణి ఏడుపు కాదు. వన్స్ మోర్ అని నేనే అరుద్దునా అని గూడ అనుకున్న, మొగని శవం మీద పడ్డ రాణి అరిస్తె ఎట్లుంటది? ఎంత సేపు చూసినా రాలే. తెర అడ్డం పట్టిండ్రు, దాని వెనుక డీజే మోత మొదలైంది.

వేషాలు తీసేటందుకు మాకు బడిల ఒక గది ఇచ్చిండ్రు. నేను కొబ్బరినూనెతోని రంగు తుడుచుకుంటున్న, బావ రంగు తుడువకుండ, కిరీటం దించకుండ చిన్న పిల్లల బెంచీ మీద కూసుండి, సంచిల నుంచి ఫోను తీసిండు. ఇక్కడ తెరుచుకోదు గద బావా అన్న. ఎరుకే అన్నడు. ఇక్కడ ఆడరాదు అన్న అక్షరాలు పడ్డయ్. ఆ అక్షరాలనే చూసుకుంట, బయట నుంచి బండి వచ్చి హారను కొట్టేదాక కూసున్నడు. తెల్లారి ఇంటికి పోయి తానం చేసి, దోతి కట్టుకొని, నది దాటి పోయిండని మా అక్క చెప్పింది.

ఆ తర్వాత దేశమంతట పైసలతోని ఆడుడు బంద్ అన్నరు, నది అవతల గూడ తెరుచుకోదన్నరు. మా అక్క కొబ్బరికాయ కొట్టింది. నేను మిఠాయి డబ్బా పట్టుకొని ఉరికినట్టే పోయిన. పోయేసరికి బావ అరుగు మీద కూసుండి ఆడుతుండు. ఇది ఉత్తదే బామ్మర్దీ, ఇంట్లనే ఆడొచ్చు, పైసలుండవు, బిళ్లలు వాళ్లే ఇస్తరు, ఒడిసిపోతె మళ్ల ఇస్తరు అన్నడు. పందెం లేదు, లాభం లేదు, నష్టం లేదు, ఉత్త ఆట. డబ్బా చేతిల పట్టుకొని వాకిట్ల అట్లనే నిలబడ్డ. పైసల ఆశ అయితె ఎన్నడో ఒకనాడు ఇడుస్తది అని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. పైసలు తీసేసినా ఇడువలేదంటె ఇగ దేవుడు గూడ ఏం చేస్తడు? చెల్క పోయిన్నాడు గూడ నాకు అంత దుఃఖం రాలే.

మాన్పిద్దామనే అప్పుడప్పుడు పోయేటోణ్ని. రా బామ్మర్దీ, చూడు అని పక్కన జాగ ఇచ్చేటోడు, కూసుంటి. కూసున్నంక చూడకుండ ఎట్ల ఉంటం? మంచి దెబ్బ కొడితె నోట్లె నుంచి శభాష్ అని ఎల్లేది, ఏం చెయ్యాలె, ఎన్నేండ్ల అలవాటో. నేనున్న రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేటోడు, అది చూసి నేను మంచే చేస్తున్న అనుకున్న. మొన్న బతుకమ్మ పండుగ ముందట మా అక్క నన్ను పెరట్లకు తీసుకపోయి, చెయ్యి పట్టుకొని, ఇగ నువ్వు రాకు తమ్మీ అన్నది. చూసేటోడున్నడని ఆడుతుండు, నువ్వు గూడ రాకుంటె ఎవల కోసం ఆడుతడు అన్నది. పండుగకు తమ్ముని కోసం ఎదురుచూడవలసిన ఆడిబిడ్డ, నా ఇంటికి రాకు అని తన నోటితోని చెప్పింది. నాకు కోపం రాలే, సరే అక్కా అన్న. బావకు చెప్పకుండనే వచ్చి బస్సెక్కిన.

ఆమె చెప్పిందాంట్ల తప్పేమున్నది? మా కాలంల జనం లేస్తె ఆట లేచేది. వానొచ్చి జనం ఉరికితె, రాజు ఎంత మంచి పద్యంల ఉన్నా సరే, హార్మోని మూసి, దీపాలు దించి, మూటలు కట్టుకునేటోళ్లం, ఖాళీ నేల ముందట ఎవలు పాడుతరు? మొఖం కడుక్కుంటె తెల్లారి మళ్ల పత్తి చేనే, బొగ్గుబాయే. అట్ల కడుక్కుని ఇంటికి పోవుడు ఉండబట్టే ఇన్నేండ్లు వేషాలు కట్టి గూడ మనుషుల లెక్క బతికినం. గందుకే నేను పోకుంటె ఆయన లేస్తడని నమ్మిన, పండుగ పోయినా పోలే, పానం గుంజినా పోలే.

ఇది రాస్తుండంగనే ఇయ్యాల పొద్దున మా అక్క ఫోన్ చేసింది. లేచిండా అక్కా అని అడిగిన. లేవలే అన్నది. బామ్మర్ది ఎందుకు వస్తలేడని ఒక్కనాడు గూడ అడగలేదట. పొద్దంత ఒక్కడే కూసుండి ఆడుతుండట. ఓడిపోంగనె ఫోను పక్కకు పెట్టి, గొంతు సన్నగ చేసి, ఆడిమనిషి లెక్క రాగం తీసి ఏడుస్తుండట. ఏమైందోనని ఆమె వంటింట్ల నుంచి ఉరికొచ్చి చూస్తె కండ్లల్ల నీళ్లు లేవట. జర సేపు ఏడ్చి, ఆగి, చెవి పెట్టి విని, మళ్ల ఫోను అందుకుంటుండట. అది నీ ఏడుపే తమ్మీ, అచ్చం నువ్వు ఏడ్చినట్టే ఏడుస్తుండు అన్నది మా అక్క.

మా ఆటకు రాజు గావాలె, రాణి గావాలె, హార్మోనికి ఒకడు, మద్దెలకు ఒకడు, తెర పట్టుకోను ఇద్దరు, ముందట ఊరంత జనం గావాలె. ఇప్పటి ఆటకు ఒక్క మనిషి చాలు.